కొల్లేటి గట్టున పాస్కల్

బయల్దేరక ముందు

కొల్లేరు వెళ్ళొచ్చామనగానే అందరూ ఒకటే అడుగుతున్నారు, పక్షులు చూశారా అని. చూశాం. తెల్లవీ నల్లవీ చాలా ఉన్నాయి. మేం వెళ్ళింది మాత్రం వాటి కోసం కాదు, ఒక క్యాసెట్ కోసం. ఈ మాట చెబితే అనంతపురంలో ఎవరూ నమ్మడం లేదు గనక కూర్చుని రాస్తున్నాను.

నేను ఆడపిల్లల కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పెళ్ళయిన కొత్తలో, ఓడల్లో పనిచేసే మా పెద్దన్న ఏదో రేవులో ఒక హోం కంప్యూటర్ కొని తెచ్చి నా చేతిలో పెట్టాడు. చూడటానికి రబ్బరు మీటలున్న పలక. దాన్ని టీవీకి తగిలించాలి, ప్రోగ్రాములు టేప్ రికార్డర్‌లోంచి ఎక్కించాలి. దాంతోపాటు పాస్కల్ అనే భాష ఒక క్యాసెట్‌లో వచ్చింది. మనం పాస్కల్‌లో రాసినదాన్ని మిషను భాషలోకి మార్చేదాన్ని కంపైలర్ అంటారు. దుబాసీ అనుకోండి. దుబాసీ రాకపోతే దొరా రైతూ ఎదురెదురుగా కూర్చుని ముఖాలు చూసుకోవాల్సిందే.

ఆ పాస్కల్‌లో నేను ఒకే ఒక్క పెద్ద ప్రోగ్రాం రాశాను. పులి-మేక ఆట. నేలమీద సుద్దతో గీతలు గీసుకుని ఆడతామే, అదే. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీంచి దూకితే ఆ మేక పోయినట్టు. మేకలన్నీ కలిసి పులుల్ని కదలకుండా కట్టేస్తే పులి ఓడినట్టు. నా ప్రోగ్రాంలో కంప్యూటర్‌ది ఎప్పుడూ పులే. అది అచ్చం మా అత్తగారిలా ఆడుతుంది. ఎందుకంటే ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ ఎత్తులన్నీ చూసి రాశాను.

మా అత్తగారు తిమ్మక్క. బడి మొహం చూడలేదు, పులి-మేకలో మాత్రం మా వీధిలో ఆవిడను గెలిచినవాళ్ళు లేరు. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే నన్ను వసారాలో కూర్చోబెట్టి మేకలు నా చేతికిచ్చింది. నేను గెలిచేటట్టు కనిపించినప్పుడల్లా ఆవిడకు కాఫీ గుర్తొచ్చేది. "పోయి కాఫీ పెట్టుకోని రాపో" అనేది. నేను కాఫీ తెచ్చేసరికి ఒక మేక తక్కువుండేది. అడిగితే, "నువ్వే లెక్క తప్పినావు" అనేది. కాలేజీలో కాలిక్యులస్ చెప్పేదాన్ని, పదిహేను దాకా లెక్క తప్పానట! ముప్పై ఏళ్ళకు పైగా ఇదే వరస. నేను ఒక్క ఆటా గెలవలేదు.

పోయినేడు ఆవిడ పోయింది. సంవత్సరీకం అయ్యాక అటక సర్దుతుంటే కంప్యూటర్ బయటపడింది. టీవీకి తగిలిస్తే, ఏమీ జరగనట్టు వెలిగింది. పులి-మేక క్యాసెట్ దొరికింది. పాస్కల్ క్యాసెట్ కూడా దొరికింది, కానీ అందులో పాస్కల్ లేదు, నాదస్వరం ఉంది. మా మరిది పెళ్ళిలో ఖాళీ క్యాసెట్లు చాలకపోతే మా ఆయన చేతికందినదాన్ని వాడేశారట. అమ్మినవాళ్ళు పాపం ముందుజాగ్రత్తగా రెండు పక్కలా పాస్కలే నింపి పంపారు, ఒక పక్క చెడినా రెండోది ఉంటుందని. పెళ్ళి రెండు పక్కలా పట్టింది.

"ముఖ్యమైందని నాకు అప్పుడే చెప్పుండొచ్చు గదా" అన్నారు ఆయన.

ఇంటర్నెట్‌లో దొరకదా అని మీరు అడుగుతారు. దొరికింది. ఆ పాస్కల్‌ను వాళ్ళు రెండు మూడు రకాలుగా అమ్మారు. నాకు దొరికిన రకాలేవీ నా క్యాసెట్‌ను చదవలేదు. పాత కంప్యూటర్ల పిచ్చివాళ్ళ గుంపు ఒకటి ఫోన్లో ఉంటే అందులో అడిగాను. ఏలూరు నుంచి సూర్యనారాయణ అనే ఒకాయన, "క్యాసెట్ నా చెవులతో వింటే గానీ చెప్పలేనండి, ఒకసారి దయచేయండి" అని రాశారు.

మా ఆయన, "ఒక ఆట కోసరం రాష్ట్రం ఆ చివరికి పోవాల్నా?" అన్నారు. పోవాలన్నాను. నాకు మా అత్త మీద కోపం తీరలేదు. ఆవిడ లేని వసారాలో కూర్చోబుద్ధీ కావడం లేదు. రెండూ నిజమే. ఆవిడతో ఇంకొక్క ఆట ఆడాలి, గెలవాలి. ఆ కంపైలర్ దొరక్కపోతే ఆవిడ ఆట ఆ క్యాసెట్‌లోనే ఉండిపోతుంది.

ఏలూరు

రైల్లో కంప్యూటర్‌ను తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. తువ్వాలు పక్కకు జరిగి మీటలు కనిపించాయి. ఎదురుగా కూర్చున్నావిడ, "భజనకి వెళ్తున్నారాండీ?" అని అడిగింది. అవునన్నాను. నిజం చెప్పాలంటే చాలా స్టేషన్లు పట్టేది. ఆవిడ వదల్లేదు, ఒక పాట వాయించమంది. కరెంటు కావాలని చెప్పి బయటపడ్డాను.

ఏలూరులో కాలవలు ఊరి మధ్యనుంచి పోతాయి. మా ఊళ్ళో నీళ్ళు ట్యాంకర్‌లో పోతాయి. మా ఆయన కాలవ వంతెన మీద నిలబడి కాసేపు కిందికి చూసి, "ఇన్ని నీళ్ళు ఊరికే పోతాండాయే" అని బాధపడ్డారు. ఆయనకు నీళ్ళు కనబడితే బాధ, కనబడకపోయినా బాధే.

ఆటో అతను ఎక్కువే అడిగాడు. కానీ, "ఏవండీ, మీకు ఎక్కువనిపిస్తే చెప్పండి, మీ ఇష్టమండీ" అని ఎంత మర్యాదగా అడిగాడంటే బేరమాడటానికి సిగ్గేసింది. మా వైపు సరైన ధర చెప్పినా తగవు పెట్టుకున్నట్టే ఉంటుంది. టిఫిన్ హోటల్లోనూ అంతే. ఇడ్లీ ప్లేటు ముప్పై రూపాయలు, అండీలు ఉచితం. "ఇంకో రెండు వేయించుకోండమ్మా, వేడిగా ఉన్నాయండి" అని వడ్డించే మనిషి బతిమాలితే కాదనలేక మా ఆయన ఎనిమిది తిన్నారు. తర్వాత నడవలేక అరుగు మీద కూర్చుండిపోయారు.

సూర్యనారాయణగారి కొట్టు పవర్‌పేటలో ఉంది. రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేస్తారు. డెబ్భై దాటిన మనిషి, తెల్లగా ఉతికిన పంచె, చెవుల్లో వెంట్రుకలు. నా పులి-మేక క్యాసెట్ పెట్టి, కళ్ళు మూసుకుని విన్నారు. కంప్యూటర్ క్యాసెట్ ఎలా మోగుతుందో మీకు చెప్పాలి. ముందు చెవి తూట్లు పడేలా పొడుగాటి ఈల. ఆ తర్వాత మూకుడులో వేపుడు మాడుతున్నట్టు గరగర. సూర్యనారాయణగారు దాన్ని త్యాగరాజ కృతి విన్నట్టు విని, తల ఊపి, "గొంతు చెడలేదండి" అన్నారు.

నాకు గుండె కుదుటపడింది. "మరి పాస్కల్ ఉందాండీ?" అని అడిగాను. ఏలూరులో దిగిన పూటకే నాకూ అండీ పట్టుకుంది.

"పాస్కల్ లేదండి. ఫోర్త్ ఉందండి. చాలా మంచి భాషండి, మెమరీ తక్కువ తింటుంది."

"నాకు పాస్కలే కావాలండి."

"లోగో చూస్తారా పోనీ? తెర మీద తాబేలు నడుస్తుందండి. పిల్లలు ముచ్చటపడతారు. సీ కూడా ఉంది, కానీ కొంచెం మొండిదండి, సర్దుకుపోవాలి."

పెళ్ళిళ్ళ పేరయ్య సంబంధాలు చూపించినట్టే ఉంది. ఒక్కొక్క క్యాసెట్ తీసి, తుడిచి, గుణగణాలు చెప్పి పక్కన పెడుతున్నారు. అన్నిటినీ కాదన్నాను. "మరీ అంత పట్టింపైతే ఎలాగండీ?" అని నొచ్చుకున్నారు. నాకు కోపం వచ్చింది. మా అత్త పాస్కల్లో తప్ప ఆడదని గట్టిగానే చెప్పాను. కొట్టులో అందరూ నావైపు చూశారు.

అప్పుడాయన అత్తగారి సంగతంతా అడిగి తెలుసుకుని, తీరిగ్గా నవ్వి, "ముందే చెప్పచ్చు కదండీ" అన్నారు. తాడేపల్లిగూడెంలో భాస్కరరావుగారని ఒకాయన అప్పట్లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవారట. సరిగ్గా ఇవే మిషన్లు, పిల్లలకు నేర్పింది పాస్కలే. "రేపు వెళ్ళండి. నా పేరు చెప్పండి. భోజనం మాత్రం ఇవాళ మా ఇంట్లోనే" అన్నారు. ఇప్పటి టీవీలకు తగిలేలా నా కంప్యూటర్‌కు ఒక తీగ కూడా అతికించి ఇచ్చారు.

ఆయన భార్య ఆవపెట్టి కంద బచ్చలి వండింది. మా సీమలో ఆకుకూరను పప్పులో వేసి ఊరుకుంటాం. కందలో వేసి దానికి ఆవ పెట్టాలని మాకు తోచలేదు. మా అత్తగారు ఉంటే, "దురద కూర" అని వంక పెట్టి, రెండుసార్లు వేయించుకునేది.

తాడేపల్లిగూడెం

ఈ ఊళ్ళో రైలు దిగగానే ఉల్లిపాయల వాసన వస్తుంది. అడ్రసు అడగనక్కర్లేదు, భాస్కరరావుగారు ఇప్పుడు ఆ వాసనలోనే ఉంటారు. కంప్యూటర్లు మానేసి ఉల్లి వ్యాపారంలో దిగి చాలా కాలమైంది. గోడౌన్‌లో ఎర్రటి గోతాల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మాది అనంతపురం అనగానే లేచి నిలబడ్డారు.

"ఈ సరుకంతా మీవైపు నుంచి వచ్చిందేనండి. కర్నూలు ఉల్లి."

"మాది అనంతపురమండి."

"అదే అండి. అటువైపే కదండీ."

కొత్తచోట మన ఊరి పేరు చెప్పుకోవడానికి ఉల్లిపాయైనా పనికొచ్చింది, సంతోషం. సోడాలు తెప్పించారు. వెనకాల గోడకు నల్లబల్ల ఉంది. దానిమీద ఆ రోజు ఉల్లి ధరలు సుద్దతో రాసున్నాయి. బల్ల పైఅంచున, పాత తెల్ల రంగుతో, పాస్కల్‌లో ప్రోగ్రాం ఎలా మొదలుపెట్టాలో ఇంగ్లీషులో రాసుంది. ఎన్ని రంగులు వేసినా పోలేదట.

"నేర్పిందంతా మర్చిపోయానండి" అన్నారు భాస్కరరావుగారు. "ఒక్కటి గుర్తుంది. ప్రతి బిగిన్‌కీ ఒక ఎండ్ ఉండాలి. మా ఇన్‌స్టిట్యూట్‌కీ వచ్చింది."

ఆయన ఈ మాట చాలామందితో చెప్పినట్టున్నారు, హమాలీలు కూడా నవ్వారు.

క్యాసెట్ సంగతి అడిగాను. నీలం లేబులు, మూలన తెల్ల త్రికోణం ఉంటుందని గుర్తులు చెప్పాను. "ఆయ్, అదేనండి, అచ్చం అదే. మా దగ్గర ఉండేది" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎక్కడుందని అడిగాను.

"చేపలకి కాపలా కాస్తోందండి."

నేను తప్పు విన్నానేమోనని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పారు. ఇన్‌స్టిట్యూట్ మూసేశాక క్యాసెట్లన్నీ ఒక గోతంలో కట్టి ఇంట్లో పడేశారట. ఆయన బావమరిది సత్తిబాబుకు కొల్లేరు దగ్గర చేపల చెరువుంది. నీటికాకులు చేపల్ని ఎత్తుకుపోతుంటే, క్యాసెట్లలోంచి రీలు లాగి, చెరువు మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కట్టేవారట. రీలు ఎండలో తళతళ మెరుస్తూ గాలికి రయ్యిమంటుంటే పక్షులు దిగవు. చెరువులవాళ్ళందరూ అప్పట్లో ఇదే పని చేసేవారట. పాటల క్యాసెట్లు చింపడానికి ఎవరికీ మనసొప్పదు కదా. "మావి పాడవు గదండీ" అన్నారు భాస్కరరావుగారు. "అందుకని మావే పట్టుకెళ్ళాడు."

మా ఆయన నాదస్వరం పోసి ఒక పాస్కల్‌ను చంపారు. వీళ్ళు ఇంకొకదాన్ని లాగి నీళ్ళ మీద ఆరేశారు. నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయల మధ్య కూర్చున్నాను గనక ఎవరూ పట్టించుకోలేదు.

భాస్కరరావుగారు పాపం వెంటనే సత్తిబాబుకు ఫోన్ చేశారు. ఆ మనిషి గొంతు బయటికే వినిపిస్తోంది. "రీళ్ళన్నీ ఎప్పుడో పోయాయి బావగారూ. ఒక్కటేదో మా ఆవిడ దాచింది. ఏదో నాకు తెలీదు. రమ్మనండి, చేప వండిస్తాను."

తిరిగి ఏలూరు వచ్చాం. లాడ్జిలో మా ఆయన మెల్లగా, "పోనీ ఆ ఫోర్త్ నేర్చుకుంటే?" అన్నారు. ఆ రోజు ఆయనకు నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయను.

కొల్లేటి దారి

ఏలూరు నుంచి కైకలూరు వైపు పోతుంటే కాసేపటికి నేల అయిపోతుంది. తర్వాతంతా నీళ్ళూ, గట్లూ, చేపలకు మేతగా వేసే తవుడు వాసన, కొబ్బరిచెట్లు. ఏది సరస్సో, ఏది చెరువో కొత్తవాళ్ళకు తెలియదు. పాతవాళ్ళను అడగకూడదు. సత్తిబాబు ఆటో దగ్గరికే ఎదురొచ్చి, నమస్కారం పెట్టి, మొట్టమొదట చెప్పిన మాట, "మాది సరస్సులో కాదండి, జిరాయితీయండి, సొంత పట్టా ఉంది" అని. మేం అడగలేదు. గట్టు మీద నడుస్తుంటే ఇంకోసారి చెప్పాడు. మా ఊళ్ళో నీరు లేదని తగాదాలు, ఇక్కడ నీరు ఎంతవరకు ఉండాలని తగాదాలు. మా ఆయన, "పట్టా ఉంటే భయమెందుకప్పా" అని ఓదార్చారు.

గట్టు సగం దాటామో లేదో, నీళ్ళ అవతలి నుంచి ఒక చప్పుడు వచ్చింది. పొడుగాటి ఈల. దాని వెనకే గరగర.

నా కాళ్ళు ఆగిపోయాయి. మా ఆయన కూడా ఆగారు. చెరువు మధ్యలో ఒక కర్రకు లౌడ్‌స్పీకర్ కట్టుంది. దాంట్లోంచి పాస్కల్ మోగుతోంది. ఏ పాస్కల్ అని అడక్కండి, మొదటి ఈల ఎంత పొడుగో, అది ఎక్కడ తెగి గరగర మొదలవుతుందో నాకు తెలుసు. ఆ గరగర అయిపోయేదాకా, పక్కింటివాళ్ళు తిట్టుకుంటుంటే, టేప్ రికార్డర్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నదాన్ని. పక్కనే మా అత్త చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కూర్చునేది. నాకు ఆ గట్టు మీదే గెంతాలనిపించింది. రెండు పక్కలా నీళ్ళుండటం వల్ల మానుకున్నాను.

లౌడ్‌స్పీకర్ మీద రెండు నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి.

"మొదట్లో దడుచుకునేవండి" అన్నాడు సత్తిబాబు. "ఇప్పుడు అలవాటైపోయింది. మేం ఆపేస్తే అవే బెంగపెట్టుకునేలా ఉన్నాయి."

నాగమణి గూట్లో దేవుడు

సంగతంతా సత్తిబాబు భార్య నాగమణి చెప్పింది. బలమైన మనిషి, మాట మెత్తన. రీలు లాగే ముందు ప్రతి క్యాసెట్టూ పెట్టి చూసేదట, పొరపాటున భక్తిపాటలుంటే పాపం తగులుతుందని. ఈ నీలం లేబులుది పెట్టగానే గట్టు మీది పక్షులన్నీ ఒక్కసారి లేచిపోయాయట. "ఇది కట్టేది కాదండి, మోగించేదండి" అని ఆవిడ మొగుణ్ణి ఆపింది. ఆ ఏడు చేప నిలబడింది. తర్వాత చుట్టుపక్కల చెరువులవాళ్ళు కూడా అడిగి పట్టుకెళ్ళారు. కీచుపాట అంటారట. కొల్లేటి గట్ల మీద ఇన్నాళ్ళుగా పొద్దున్నే నా కంపైలర్ మోగుతోంది, నేను అనంతపురంలో అటక మీద వెతుకుతున్నాను.

"ఆ క్యాసెట్ ఇప్పుడెక్కడుందమ్మా?" అన్నాను.

దేవుడి గూట్లోంచి తెచ్చింది. నీలం లేబులు మీద పసుపు, కుంకుమ బొట్టు. దసరాకు వలలతోపాటు దానికీ పూజ చేస్తారట. మోగేది దాని నకలు, ఫోన్లో పట్టి మెమరీ కార్డులో వేసింది. అసలుది అరిగిపోయిందని దేవుడి దగ్గర పెట్టింది.

"ఇంట్లోంచి మాత్రం పంపనండి" అంది నాగమణి. "ఏమీ అనుకోకండమ్మా. అది వచ్చాకే మాకు కలిసొచ్చింది."

అనుకోవడానికేముంది, కంప్యూటరే దేవుడి దగ్గరికొచ్చింది. వాళ్ళ టీవీకి తీగ తగిలించాం.

ముందు మెమరీ కార్డు నకలు పెట్టాం. బాగానే ఎక్కుతూ వచ్చి, మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ పెట్టాం, సరిగ్గా అక్కడే ఆగింది. చెవి ఆనించి వింటే ఆ చోట గరగర మీద సత్తిబాబు గొంతు. "ఏయ్, హుష్!" ఫోన్లో రికార్డు చేస్తున్నప్పుడు కొంగొకటి వచ్చిందట. "ఆ హుష్ కూడా పనికొస్తుందిలే అని ఉంచేశామండి" అన్నాడు. కొంగకు పనికొచ్చిందేమోగాని పాస్కల్‌కు అది గొంతులో ముల్లు.

తర్వాత అసలు క్యాసెట్. పసుపు దులిపి, నాగమణి దండం పెట్టుకుని, టేప్ రికార్డర్లో పెట్టింది. ఈల సన్నగా వచ్చింది, గరగర మసకమసగ్గా వచ్చింది. ఏళ్ళ తరబడి రోజూ మోగి అరిగిపోయింది. ఎక్కలేదు. సౌండు పెంచాం, ఎక్కలేదు. తగ్గించాం, ఎక్కలేదు.

"ముందు భోంచేయండమ్మా" అంది నాగమణి.

మేం మాంసం తినం. ఆ మాట కొల్లేట్లో చెబితే వాళ్ళకు అర్థం కాలేదు. "మాంసం కాదండి, చేపేనండి" అన్నాడు సత్తిబాబు. చేప కూడా తినమన్నాను. "మరి బొచ్చె వద్దులెండి, కొర్రమీను?" అన్నాడు. ఏ చేపా తినమని చెప్పాక, మా ఆరోగ్యం గురించి మా ఆయన్ని పక్కకు తీసుకెళ్ళి అడిగాడు. చివరికి ముద్దపప్పు, ఆవకాయ, గడ్డపెరుగు పెట్టారు. ఇంతదూరం వచ్చి, చేతికి అందాక పోయింది. అనంతపురం వెళ్ళి ఆ వసారాలో ఏం చేయాలో తోచలేదు. పెరుగన్నంలో కన్నీళ్ళు పడుతున్నాయి, తలవంచుకుని తింటున్నాను.

రెండో పక్క

మా ఆయన చేయి కడుక్కుని వచ్చి క్యాసెట్‌ను అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన ఏ క్యాసెట్‌ను ముట్టుకున్నా నాకు భయమే.

"మీరు రెండో పక్క ఎప్పుడన్నా పెట్టినారామ్మా?" అని నాగమణిని అడిగారు.

"లేదండి. ఆ పక్కా ఇదే గోల కదా అని పెట్టలేదండి."

"పెళ్ళి పట్టేటప్పుడు చూసినా" అన్నారు నాతో, గొంతు తగ్గించి. "రెండు పక్కలా అదే ఉండె. రెండూ నేనే చెరిపితిని గదా."

తిప్పి పెట్టాం. ఈల వచ్చింది. ఎంత గట్టిగా వచ్చిందంటే వాకిట్లో కోళ్ళు కకావికలైపోయాయి. గరగర నిండుగా, కొత్తగా, అమ్మినవాళ్ళు పంపిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. సత్తిబాబును ఊపిరి కూడా పీల్చొద్దన్నాం. చివరిదాకా ఎక్కింది. తెర మీద పాస్కల్ పేరు వచ్చింది. నాగమణి చెంపలు వేసుకుంది. నేను నలుగురి ముందూ మా ఆయన చేయి పట్టుకున్నాను. మా పెళ్ళయ్యాక అలా పట్టుకోవడం ఎప్పుడో గుర్తులేదు.

తర్వాత నా క్యాసెట్ పెట్టాను. పాస్కల్ దాన్ని గుర్తుపట్టింది. గీతల పటం వచ్చింది, మూడు పులులు వచ్చాయి.

ఆట మొదలైంది. మొదటి ఎత్తుకే తెలిసిపోయింది. పులిని మధ్యకు తేకుండా పక్కన నిలబెట్టి, ఎదుటివాళ్ళను తొందరపడనివ్వడం మా అత్త పద్ధతి. అలాగే నిలబెట్టింది. నేను తొందరపడలేదు. ఒక్కొక్క మేకనూ వెనక ఇంకొక మేకను ఆనించి దించాను. నాగమణికి ఈ ఆట వచ్చట, నా భుజం మీంచి వంగి, "ఆ మూల మూసేయండమ్మా, దూరిపోద్ది" అంటోంది. సత్తిబాబు పులి పక్షం. పదిహేను మేకలూ దిగాయి, ఒక్కటీ పోలేదు. రెండు పులుల్ని కట్టేశాను. మూడోదానికి ఒక్క దారి మిగిలింది. ఇంకొక్క ఎత్తులో అదీ మూసుకుపోతుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇంతదాకా రాలేదు.

పటం మాయమైంది. తెర మీద ఒక్క వరస వచ్చింది. అక్షరాలు ఇంగ్లీషువి, మాట అనంతపురంది.

పోయి కాఫీ పెట్టుకోని రాపో.

దాని కింద, వచ్చాక ఏదైనా మీట నొక్కమని ఉంది.

ఆ వరస రాసింది నేనే. మర్చిపోలేదు. ఆవిడ మీద కసితో రాసి, ఆవిడకే చూపించాను. ఆవిడ నవ్వలేదు. "మిషనుకు గూడా కాఫీ కావాల్నా?" అని మాత్రం అడిగింది. ఇప్పుడు కూర్చున్నచోటే ఒక మీట నొక్కేయొచ్చు. నేను లేచాను.

"యాడికి?" అన్నారు మా ఆయన.

"కాఫీ పెట్టడానికి."

ఆయన తెర చూశారు. చూసి, కిటికీలోంచి చెరువు వైపు తిరిగి కూర్చున్నారు.

"టీ అయితే నేను పెడతాను కదమ్మా" అని నాగమణి వెంటపడింది. వద్దన్నాను. వాళ్ళింట్లో చుట్టాలకోసం దాచిన ఇన్‌స్టంట్ కాఫీ ప్యాకెట్ ఒకటుంది. మా అత్త ఆ కాఫీ ముట్టేది కాదు, డికాషన్ దిగితేనే తాగేది. అదే పెట్టాను, పాలు పొంగేదాకా అక్కడే నిలబడ్డాను. గ్లాసులో పోసి తెచ్చి, ఒక మీట నొక్కాను.

పటం వచ్చింది. నేను మేకల్ని లెక్కపెట్టాను. నాగమణి తెర మీద వేలుపెట్టి లెక్కపెట్టింది. పద్నాలుగు.

"అయ్యబాబోయ్, ఒకటి ఏవైపోయిందండీ?" అంది.

మూడో పులికి దారి తెరుచుకుని ఉంది. పటం కింద ఇంకొక వరస వచ్చింది.

నువ్వే లెక్క తప్పినావు. ఆడు.

"అవునత్తా" అన్నాను. "నేనే తప్పినాను."

ఆవిడ ఉన్నన్నాళ్ళూ నేను ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. కాఫీ గ్లాసు టీవీ పక్కన పెట్టి, మిగిలిన మేకలతో ఆడటానికి కూర్చున్నాను.